జ్వరములను వేరుపరచు విద్య



సికింద్రాబాదు రైలు స్టేషనులో దిగి, ఏదో ఒక పనిమీద మోండా మార్కెట్టునకు పోయి రాని పెద్దలు మన ప్రాంతమున అరుదుగా ఉందురు. కూరగాయలు, పండ్లు, పూలు, చింతపండు, పసుపు, పూజాద్రవ్యములు, పెండ్లిసామగ్రి, అన్నియు ఆ సందులలో దొరకును. నా బాల్యములో చాలభాగము ఆ సందులలోనే గడచినది. మా మేనమామకు అచ్చట ఎండుమిరపకాయల దుకాణము ఉండెను. బడి విడిచిన పిదప నేను అక్కడ కూర్చుండి కాయలను ఏరుచుండెడివాడను. నేడు నేను చెప్పదలచినది వైద్యశాస్త్ర చరిత్రకు సంబంధించిన విషయము. మన రక్తములో పుట్టు ప్రతిరక్షకములను రకములుగా వేరుపరచుట మానవుడు ఎట్లు నేర్చెను, ఇప్పుడు ఆ పనిని యంత్రమునకు ఎట్లు నేర్పుచున్నాడు, అందువలన మనకు కలుగు మేలేమి, అందులో మనము జాగ్రత్తపడవలసినదేమి అనునదియే నా ప్రసంగము. అయినను మిరపకాయలతోనే మొదలుపెట్టెదను. కారణము ముందుముందు మీకే తెలియగలదు.

బస్తా విప్పి కాయలను గోనెపట్టామీద పోసిన పిదప మేలుకాయను ఒక ప్రక్కకు, నడిమిరకమును ఇంకొక ప్రక్కకు, రంగుపోయిన తాలుకాయను వేరొక ప్రక్కకు తీయవలెను. ఎట్లు తీయవలెనో మా మామ నాకు సూత్రములు చెప్పలేదు. ఒక కాయను పట్టుకొని "ఇది మేలురా" అనెడివాడు. ఇంకొకదానిని పట్టుకొని "ఇది తాలు" అనెడివాడు. నేను తప్పు కుప్పలో వేసినచో చేతిమీద తట్టి సరిదిద్దెడివాడు. ఒక ఏడాది గడచునప్పటికి నా చేయి దానంతట అదియే ఏరసాగెను. ఏ గుర్తునుబట్టి ఏరుచున్నావని ఎవరైన అడిగినచో నేను సరిగా చెప్పజాలకపోయెడివాడను.

ఒకసారి మాత్రము పెద్ద పొరపాటు చేసితిని. ఒక ఊరినుండి వచ్చు బస్తాలను నీలిదారముతో కుట్టి పంపుచుండిరి. ఆ ఊరి కాయ ఎప్పుడును మేలురకమే. నాకు తెలియకుండగనే నా కన్ను కాయను విడిచి దారమును చూచుటకు అలవాటుపడెను. ఒక ఏట ఆ ఊరిలో అకాలవర్షము పడి కాయ చెడినది. నేను నీలిదారమును చూచి, ఆ తాలు బస్తాను మేలురకములో కలిపివేసితిని. మా మామ కోపముతో, "కాయను చూడుమంటిని గాని సంచిని చూడుమంటినా?" అనెను. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

మోండా మార్కెట్టునుండి బేగంపేట కొలది మైళ్ళ దూరము. అచ్చట పాత విమానాశ్రయమునకు సమీపమున ఒక పాతకాలపు భవనము కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు, చలిజ్వరము పుట్టించు క్రిమిని దోమ కడుపులో మొట్టమొదట చూచినది అక్కడనే. సికింద్రాబాదు గడియారస్తంభము వెలసినదియు ఆ సంవత్సరముననే. రాస్ చేసిన పనిని గూర్చి చాలమంది వినియుందురు. కాని ఆయన దానికి ముందు రెండేండ్లు ఏల విఫలుడయ్యెనో తెలిసినవారు తక్కువ.

ఆయన 1895 మొదలు వందలకొలది దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. క్రిమి కానరాలేదు. ఏలయన ఆయన కోసినవి వేరుజాతి దోమలు. వానికి ఆయన తన కంటికి తోచిన పేర్లు పెట్టుకొనెను: బూడిదరంగు దోమలు, చారల దోమలు. తుదకు మచ్చలరెక్కల దోమలు కొన్ని దొరకినవి. హుసేన్‌ఖాన్ అను చలిజ్వరపు రోగి తన్ను కుట్టనిచ్చిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున పుచ్చుకొని ఈ పరిశోధనకు సాయపడెను. ఆ మచ్చలరెక్కల దోమ కడుపులోనే క్రిమి కనబడినది. మరుసటి సంవత్సరము రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, ఆ క్రిమి దోమ లాలాజలముద్వారా ఒక ప్రాణినుండి మరియొక ప్రాణికి పోవునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. దోమ అనగా ఒకటే దోమ అని తలచినంతకాలము రహస్యము తెలియలేదు. ఏ దోమ ఏదో వేరుపరచిన పిదపనే తెలిసినది.

ఇక ప్రతిరక్షకముల సంగతి. ఊరిలో దొంగ పడి పోయిన తరువాత, వాని అడుగుజాడలను గుర్తుపెట్టుకొను కావలివానిని మీరెరుగుదురు. మరల ఆ దొంగ వచ్చినచో కావలివాడు అడుగునుబట్టియే పట్టుకొనును. మన శరీరమున అట్టి కావలివారు కలరు. ఏదైన రోగక్రిమి ప్రవేశించినప్పుడు, దానికి సరిపోవునట్టి ఒక మాంసకృత్తును శరీరము తయారుచేసికొనును. దానినే ప్రతిరక్షకమని అందురు. తాళమునకు తాళపుచెవివలె అది ఆ క్రిమికే అంటుకొనును. క్రిమి నశించిన పిదపకూడ అట్టి ప్రతిరక్షకములు కొన్ని నెలలు, కొన్ని రోగముల విషయమున ఏండ్లకొలది, రక్తములో తిరుగుచుండును. మన రక్తమునకు ఏ రోగము వచ్చిపోయినదో తెలుపు సాక్షులు అవియే.

ఈ సంగతి తెలిసి చాలకాలము కాలేదు. 1890లో బెర్లిన్ నగరమున బేరింగ్ అను జర్మనుడును, కిటసాటో అను జపాను దేశస్థుడును ధనుర్వాతము, కంఠసర్పి అను రోగములను తట్టుకొన్న జంతువుల రక్తరసిని తీసి ఇతర జంతువులకు ఎక్కించి, వానినికూడ ఆ రోగములనుండి కాపాడవచ్చునని చూపిరి. రసిలో ఏదో రక్షకద్రవ్యము కలదని అప్పుడు తెలిసినది. రాస్ బేగంపేటలో దోమను కోసిన 1897లోనే, పాల్ ఎర్లిక్ అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు ఆ ద్రవ్యము విషమునకు ఎట్లు అంటుకొనునో ఒక సిద్ధాంతమును ప్రకటించెను.

దీనిని రోగనిర్ణయమునకు ఉపయోగించినవాడు పారిస్ నగరపు వైద్యుడు విడాల్. 1896లో ఆయన టైఫాయిడు రోగి రసిని టైఫాయిడు క్రిములతో కలిపి చూచెను. పాలు విరిగినట్లు క్రిములు గుంపులుకట్టి పేరుకొనెను. టైఫాయిడు రానివాని రసితో అట్లు జరుగలేదు. మీ ఊరి చేరువ పట్టణమున నేటికిని జ్వరము వచ్చినవారికి వ్రాసియిచ్చు విడాల్ పరీక్ష ఇదియే. 1901లో వియన్నాలో లాండ్‌స్టైనర్ మనుష్యుల రక్తమును వర్గములుగా విభజించుటయు రసిలోని ప్రతిరక్షకముల సాయముననే జరిగినది. ఎ, బి, ఓ అను వర్గములు మీలో పెక్కుమందికి తెలిసినవే. ఆ ఒక్క వర్గీకరణమువలన రక్తదానమున ప్రమాదము చాల తగ్గి, ఎన్నియో ప్రాణములు నిలిచినవి.

ఇచ్చట నా ఇంటి కథ కొంచెము చెప్పవలసియున్నది. మా మామ భార్య, అనగా నన్ను అన్నము పెట్టి పెంచిన మా అత్త, ఒక ఏడు వానకాలపు చివర ఊరికి పోయి పొలముగట్టున పొదలు కొట్టించి తిరిగివచ్చెను. పదిదినములు గడచిన పిదప ఆమెకు జ్వరము తగిలెను. రక్తపరీక్ష చేయించితిమి. టైఫాయిడు అని కాగితము వచ్చెను. దానికి తగిన మందులు తొమ్మిదిదినములు వాడితిమి. జ్వరము తగ్గలేదు. తలనొప్పి, ఆయాసము హెచ్చినవి. పదియవనాడు వేరొక వైద్యుని యొద్దకు తీసికొనిపోగా, ఆయన ఆమెను నిదానముగా పరీక్షించి, నడుమునకు చీరకట్టు బిగిసెడిచోట, చుట్ట అంటుకొని కాలినట్లున్న చిన్న నల్లని పొక్కును చూపెను. పొదలలో ఉండు, కంటికి కానరానంత చిన్న పురుగు కుట్టినచోట అట్టి పొక్కు ఏర్పడును. ఆ జ్వరమును స్క్రబ్ టైఫస్ అందురు. దానికి డాక్సీసైక్లిన్ అను చవుకమందు కలదు. వేళకు ఇచ్చినచో సాధారణముగా రెండుమూడు దినములలో జ్వరము దిగును. మా అత్తకు ఇచ్చునప్పటికి మూత్రపిండములు చెడియుండెను. మూడవనాడు ఆమె గతించినది.

మొదటి పరీక్ష అబద్ధమాడినదా అని నేను తరువాత ఆ వైద్యుని అడిగితిని. "అబద్ధము కాదు. కొన్నేండ్ల క్రిందట ఆమెకు టైఫాయిడు వచ్చినదని మీరే చెప్పితిరి గదా. ఆనాటి ప్రతిరక్షకములు శరీరమునకు జ్ఞాపకమున్నవి. వేరొక జ్వరము వచ్చినప్పుడు అవి మరల పెరుగుట కలదు. ఎప్పుడో వచ్చిన దొంగనుగూర్చి సాక్షి నిజమే చెప్పెను. మనము ఇప్పటి దొంగ అనుకొంటిమి" అని ఆయన బదులు చెప్పెను. ఆనాటినుండి ఈ సాక్షులను సరిగా వేరుపరచుట ఎట్లు అను ప్రశ్న నన్ను విడువలేదు. దొరకినంతవరకు చదివితిని. చదివినదియే మీకు చెప్పుచున్నాను.

1959 మొదలుకొని ఇంగ్లండులో పోర్టర్, అమెరికాలో ఎడెల్‌మన్ ప్రతిరక్షకము ఆకారమును తెలిసికొనిరి. అది మన పిల్లలు పిట్టలను కొట్టు పంగలకర్రవలె ఉండును. రెండు బరువైన గొలుసులు, రెండు తేలికయగు గొలుసులు కూడి అట్టి రూపము ఏర్పడును. పంగ రెండుకొనలు క్రిమిని పట్టుకొనును. ఈ పనికి వారిరువురకు 1972లో నోబెల్ బహుమానము వచ్చెను. పిడిభాగమునుబట్టి ప్రతిరక్షకములు ఐదు తరగతులు. ఎం తరగతి క్రొత్తగా రోగము సోకినప్పుడు ముందుగా పుట్టును. జి తరగతి తరువాత పుట్టి చాలకాలము నిలుచును. తల్లి గర్భమునుండి బిడ్డకు చేరునది ఇదియే. ఎ తరగతి చనుబాలలోను, లాలాజలములోను ఉండును. ఇ తరగతి దురదలకు, ఉబ్బసమునకు సంబంధించినది. డి తరగతి రక్తములో బహుస్వల్పము. రోగము క్రొత్తదా పాతదా అని తెలిసికొనుటకు ఎం, జి తరగతులను వేరువేరుగా చూచుట ఈ విభజనవలననే సాధ్యమైనది. అయినను ఇదియు ముతక విభజనయే. మిరపకాయలను బస్తాలెక్కన వేరుచేయుటవంటిది. కాయకాయను చూచుట ఇంకను మిగిలియుండెను.

కాయకాయను చూచుట అనగా పంగకొనలను చదువుట. మాంసకృత్తులన్నియు 20 రకముల అమైనో ఆమ్లములను అక్షరములవలె వరుసగా పేర్చి వ్రాసినవి. 1970లో అమెరికాలో వూ, కబాట్ అను ఇరువురు, అప్పటికి తెలిసియున్న 70కి పైగా తేలికగొలుసుల అక్షరక్రమములను ఒకదాని క్రింద ఒకటి వ్రాసి పోల్చిరి. ఒకే గ్రంథమునకు చెందిన తాళపత్రప్రతులను ముందుంచుకొని పాఠభేదములను గుర్తించు పండితుడు చేయు పనియే వారును చేసిరి. చాలచోట్ల అక్షరములు దాదాపు ఒకటిగా ఉండెను. మూడుచోట్ల మాత్రము విపరీతమగు మార్పులు కనబడెను. క్రిమిని పట్టుకొను చోట్లు అవియే అని వారు ఊహించిరి. ఊహ నిజమైనది.

మార్పులన్ని ఎక్కడనుండి వచ్చుచున్నవను ప్రశ్నకు 1976లో టొనెగావా అను జపాను శాస్త్రజ్ఞుడు సమాధానము కనుగొనెను. మన ఇండ్లలో పోపులపెట్టెలో ఉండునవి ఆరేడు దినుసులే. వానినే వేరువేరు పాళ్ళలో కలిపి ఇల్లాలు ఎన్ని రుచులు పుట్టించునో మీకు తెలియును. అట్లే శరీరము కొలది జన్యుఖండములను అనేకవిధముల కూర్చి, లెక్కకు అందనన్ని ప్రతిరక్షకములను పుట్టించును. ఒక మనుష్యునిలోని వానికి ఇంకొక మనుష్యునిలోని వానితో పోలిక చాల తక్కువ. ఒకే జ్వరము వచ్చిన ఇరువురిలో సహితము అధికభాగము వేరుగనే యుండును.

ఇందువలన రెండు ఫలితములు కలిగినవి. మొదటిది మందుల విషయము. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనువారు కోరిన ఒకే ప్రతిరక్షకమును ఎంతకావలెనన్న అంత తయారుచేయు పద్ధతిని కనుగొనిరి. మన హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థ రసగ్రంథుల క్యాన్సరునకు వాడు అట్టి ప్రతిరక్షకమును రెడిటక్స్ అను పేరుతో 2007లో మార్కెట్టునకు తెచ్చెను. రాస్ వెంటాడిన చలిజ్వరమునకును ఇట్టి మందు సిద్ధమగుచున్నది. టీకా పొందిన ఒక వ్యక్తి రక్తములోని ప్రతిరక్షకములను ఏరి, అందులో చలిజ్వరపు క్రిమిని గట్టిగా పట్టుకొను ఒక్కదానిని అమెరికా శాస్త్రజ్ఞులు ఎన్నుకొనిరి. దానికి కొంత మార్పు చేసి ఆఫ్రికాలోని మాలి దేశమున పెద్దలకు ఒక్కసారి ఎక్కించి, ఆరునెలలు కనిపెట్టియుండిరి. హెచ్చుమోతాదు పుచ్చుకొన్నవారిలో అది నూటికి 88 పాళ్ళు రక్షణ కలిగించినదని 2022లో ప్రకటించిరి.

రెండవది రోగనిర్ణయము. రక్తములోని సాక్షులందరి మాటలను ఒక్కసారి చదువగలిగినచో, ఆ రోగికి ఇప్పుడేమి వచ్చినదో, పూర్వమేమి వచ్చినదో తెలియవలెను గదా? చదువు సాధనములు ఇప్పుడు ఉన్నవి. కొలది రక్తమునుండి లక్షలకొలది అక్షరక్రమములను అవి తీయగలవు. 2018లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు లోకమందలి పరిశోధకులు ప్రకటించినవానిని ఒకచోట చేర్చనారంభించిరి. ఆ భాండాగారమున ఇప్పుడు నూరుకోట్లకు మించిన క్రమములు కలవు. వూ, కబాట్ పోల్చినవి 70కి పైగా మాత్రమే. నూరుకోట్లను పోల్చుటకు ఏ పండితుని ఆయువును చాలదు. అందుకే యంత్రము.

ఈ యంత్రము కంప్యూటరే. దానికి పని నేర్పు విధానమును మెషీన్ లెర్నింగ్ అందురు. మా మామ నాకు మిరపకాయలను ఏరుట నేర్పినట్లే దానికి నేర్పుదురు. సూత్రములు చెప్పరు. "ఈ క్రమములు ఫలాని రోగమువానివి, ఈ క్రమములు ఆరోగ్యవంతునివి" అని వేలకొలది ఉదాహరణములను చూపుదురు. యంత్రము ఊహించును. తప్పినచో లోపల తన లెక్కలను కొంచెము సవరించుకొనును. మరల ఊహించును. ఇట్లు ఎన్నియో పర్యాయములు జరిగిన పిదప, అది ఎన్నడును చూడని రక్తమును ముందుంచి పరీక్షింతురు. అప్పుడు సరిగా చెప్పినదే నేర్చినట్టు లెక్క. చూపిన బస్తాలోని కాయలనే మరల అడిగినచో అది పరీక్ష కాదు.

మన దేశమునకూడ ఈ పని జరిగినది. 2013లో చండీగఢ్‌లోని శాస్త్రజ్ఞులు, క్రిమిలోని ఏ భాగము ఏ తరగతి ప్రతిరక్షకమును పుట్టించునో ముందుగా ఊహించు పద్ధతిని యంత్రమునకు నేర్పిరి. టీకాలు చేయువారికి ఇది ముఖ్యము. దురదలు పుట్టించు ఇ తరగతిని రేపు భాగమును విడిచి, రక్షణనిచ్చు జి తరగతిని రేపు భాగమును ఎన్నుకొనవచ్చును. 2022లో ఆక్స్‌ఫర్డువారు వేరొక ఉపాయము చేసిరి. చెదలు తిన్న తాటాకులో పోయిన అక్షరములను, ఆ కవి శైలి తెలిసిన పండితుడు ఊహించి పూరించును గదా. అట్లే యంత్రమునకు ప్రతిరక్షకముల క్రమములను చూపి, కొన్ని అక్షరములను దాచి, వానిని పూరింపుమని అభ్యాసము చేయించిరి. కోట్లకొలది పూరణముల పిదప ప్రతిరక్షకముల భాషకు దానికి కొంత పరిచయము కలిగినది.

2025లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ప్రకటించినది మా అత్త కథకు మరింత దగ్గర. వారు సుమారు 600 మంది రక్తమును తీసికొని, ప్రతిరక్షకములతోపాటు రోగనిరోధకకణములలోని మరియొక జాతి గ్రాహకములనుకూడ చదివించి, యంత్రమునకు నేర్పిరి. కరోనా, హెచ్.ఐ.వి., లూపస్, చిన్నతనపు మధుమేహము, క్రొత్తగా ఇన్‌ఫ్లుయెంజా టీకా పుచ్చుకొనుట, ఆరోగ్యము, వీనిలో ఎవరిది ఏదో యంత్రము చాలవరకు సరిగా చెప్పినది. ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క పరీక్ష కాక, ఒకే పరీక్షతో పలురోగములను వేరుపరచుట దీని విశేషము. ఇది ఇంకను పరిశోధనశాలలో ఉన్న విద్యయే. ఆసుపత్రికి పోయి అడిగినచో దొరకదు. నేడు జ్వరము వచ్చినవాడు దీనికొరకు వేచియుండరాదు.

ఇప్పుడు నీలిదారమును జ్ఞాపకము చేసికొనుడు. యంత్రమునకు చూపిన రోగుల రక్తమంతయు ఒక ఆసుపత్రినుండియు, ఆరోగ్యవంతుల రక్తమంతయు వేరొక ఊరినుండియు వచ్చినదనుకొందము. యంత్రము రోగమును నేర్చుటకు బదులు ఆసుపత్రిని నేర్చును. రక్తమును నిలువచేసిన విధమో, చదివిన సాధనపు వింతయో దానికి గుర్తగును. అది కాయను విడిచి సంచిని చూచినట్లు. పరిశోధకులు ఈ ప్రమాదమును ఎరిగి దానికి తగిన జాగ్రత్తలు తీసికొనుచున్నారు. కాని అంతకంటె పెద్దలోపము ఒకటి కలదు. దానిని శాస్త్రజ్ఞులు తామొక్కరే తీర్చలేరు.

యంత్రము చూచిన రోగమునే గుర్తించును. చూడని రోగమును చూచినదానిలో ఏదో ఒకదానిక్రింద వేయును. స్టాన్‌ఫర్డువారి పట్టికను ఇప్పుడే మీకు చదివితిని. అందులో టైఫాయిడు లేదు. మలేరియా లేదు. డెంగ్యూ లేదు. మా అత్తను తీసికొనిపోయిన స్క్రబ్ టైఫస్ లేదు. అది వారి తప్పు కాదు. వారు తమకు దొరకిన రక్తముతో పనిచేసిరి. ఆ భాండాగారములలో అమెరికా, ఐరోపా ప్రజల రక్తపు జాడలు అధికము. మన పల్లెల రక్తము బహుస్వల్పము. పొలముగట్టున పొదలు కొట్టు స్త్రీకి వచ్చు జ్వరమును యంత్రము తెలిసికొనవలెనన్నచో, అట్టి స్త్రీల రక్తమును దానికి చూపవలెను.

మనకు ఆ సౌకర్యము లేదందురా? మోండా మార్కెట్టుకు తూర్పున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. అది 1918లో కూనూరులో మొదలై 1958లో ఇచ్చటికి వచ్చినది. దాని చేరువ హబ్సిగూడలో, 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున నెలకొన్న సి.సి.ఎం.బి. కలదు. ఈ రెండు సంస్థలును భారత్ బయోటెక్‌తో కలిసి హైదరాబాదు నగరమున 30 వార్డులలో సుమారు 9,000 మంది రక్తమును పరీక్షించి, నూటికి 54 మందిలో కరోనా ప్రతిరక్షకములు కలవని 2021లో తెలిపినవి. వారిలో పెక్కుమందికి తమకు ఆ రోగము సోకినదనియే తెలియదు. రోగికే తెలియని సంగతిని రక్తములోని సాక్షి చెప్పెను. నగరమున జరిగిన పని పల్లెలలో జరుగరాదా? జ్వరపురోగుల విషయమున జరుగరాదా?

ఇందులో గ్రామపెద్దలు చేయదగినది రెండువిధములు. మొదటిది, పరిశోధన అని ఎవరైన రక్తముకొరకు వచ్చినప్పుడు వెరవక, ఊరకనే ఒప్పుకొనక, ప్రశ్నించుట. మీరెవరి పక్షమున వచ్చితిరి? ఈ రక్తమును దేనికి ఉపయోగింతురు? పేర్లను గోప్యముగా ఉంచెదరా? ఫలితము మా ఊరికి చెప్పెదరా? వలదన్నవానిని విడిచిపెట్టెదరా? ఇట్లు అడుగుట మీ హక్కు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమములనుబట్టి, సంగతి అర్థమగునట్లు చెప్పి సమ్మతి పొందనిదే ఎవరి రక్తమును పరిశోధనకు తీసికొనరాదు. ఆనాడు హుసేన్‌ఖాన్ అణాలు పుచ్చుకొని దోమలకు తన దేహమును అప్పగించెను. బహుమానము రాస్‌కు వచ్చెను. హుసేన్‌ఖాన్‌కు పరిశోధన సంగతి ఎంతవరకు చెప్పిరో చరిత్ర చెప్పదు. మన కాలమున అట్లు ఉండరాదు.

రెండవది, చీటీ. మార్కెట్టుకు వచ్చిన ప్రతి బస్తాకును మా మామ ఒక చీటీ కట్టించెడివాడు. ఏ ఊరు, ఏ రైతు, ఎన్నడు కోసినది, తడిసినదా లేదా అని దానిమీద వ్రాయించెడివాడు. చీటీ తప్పైనచో సరకెంత మేలైనను లెక్క తారుమారగును. యంత్రమునకు చూపు రక్తమునకును చీటీ కావలెను. అది వ్రాయుటకు కావలసిన సంగతులు ఇంటివారికి, ఊరివారికి తెలియును గాని దూరముననున్న శాస్త్రజ్ఞునకు తెలియవు. జ్వరము ఏనాడు మొదలైనది? దానికి ముందు రోగి ఎక్కడ తిరిగెను, పొదలలోనా, నీరు నిలిచిన పొలములోనా? పూర్వమెన్నడైన టైఫాయిడు వచ్చినదా? ఏ టీకాలు వేయించుకొనెను? ఒంటిమీద ఎక్కడనైన పొక్కు కలదా? ఇవి ఒక కాగితముమీద వ్రాసి రోగివెంట వైద్యునకు పంపుడు. ఏ యంత్రమును రాకమునుపే, ఈ కాగితము ఒక ప్రాణమును కాపాడవచ్చును. మా అత్తవిషయమున పొదలు కొట్టించిన సంగతి మేము మొదటి వైద్యునకు చెప్పలేదు. ఆయన అడుగలేదు. మాకు తోచలేదు.

యంత్రము వైద్యుని తరిమివేయునని కొందరు భయపడుచున్నారు. యంత్రము ఉన్నది గదా, వైద్యునితో పనియేమని మరికొందరు అనుచున్నారు. రెండును సరికాదు. మా అత్త నడుమునందలి నల్లని పొక్కును చూచినది మనుష్యుని కన్ను. ఆ కన్ను పదిదినములు ముందు దొరకియుండిన బాగుండెడిది. అట్టి కన్ను లేని ఊళ్ళెన్నియో కలవు. అక్కడ ఒక్క రక్తపుబొట్టుతో జ్వరములను వేరుపరచు పరీక్ష చేరునేని, దానికంటె మేలేమున్నది? అది చేరుటకు ముందు మన జ్వరములు, మన చీటీలు ఆ యంత్రమునకు చేరవలెను.

మా మామ తరువాత చాలకాలము బ్రతికెను. అత్త పోయిన పిదప దుకాణములో ఆయన మాటలాడుట తగ్గించెను గాని చీటీ వ్రాయించుట మానలేదు. ఎవరైన జ్వరముతో బజారుకు వచ్చిన కూలి కనబడినచో, పని ఆపించి, "ఎప్పటినుండిరా? పొలములో ఏ పని చేసివచ్చితివి?" అని అడిగి, ఒక ముక్కకాగితముమీద నాచేత వ్రాయించి ఆసుపత్రికి పంపెడివాడు. మీ ఊళ్ళలోను అట్లు వ్రాయించువారు ఒక్కొక్కరైన ఉండవలెనని కోరుచు, ఇంతతో సెలవు తీసికొనుచున్నాను.